గాలి దట్టించిన ఇంజిన్లు: నల్లమల ఘాట్ నుంచి సీఎస్ పురం బోర్ల దాకా

ఎండలు ముదిరితే చంద్రశేఖరపురం మండలంలో బోరు బండ్లకు తీరిక ఉండదు. చుట్టుపక్కల జనం నోట సీఎస్ పురంగా నలిగిన ఈ ఊరు వెలిగొండల పక్కన ఉన్న మెట్ట ప్రాంతం. పాయింటు పెట్టిన చేలో రెండు లారీలు వచ్చి ఆగుతాయి. ఒకదాని మీద రిగ్గు, కంప్రెసర్. రెండోదాని మీద రాడ్లు, కేసింగ్ పైపులు, డీజిలు పీపాలు. జాకీలు దించి, మాస్టు నిలబెట్టి, హ్యామర్ దింపగానే కంప్రెసర్ ఇంజిన్ గొంతు పెంచుతుంది. కాసేపట్లో గుంట చుట్టూ తెల్లటి రాతిపొడి లేస్తుంది. రైతు చూపంతా ఆ పొడి మీదే. పొడి తడిసి ముద్దగా వస్తే ప్రాణం లేచొస్తుంది. ఎండు దుమ్ముగానే వస్తుంటే అడుగు అడుగుకీ అప్పు పెరుగుతుంది.

ఆ లారీ మీద గాలిని దట్టించే యంత్రాలు రెండుంటాయి. ఒకటి డీజిల్ ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో. రెండోది ఆరున్నర అంగుళాల బోరు అడుగుకి గాలి పంపే స్క్రూ కంప్రెసర్. స్పోర్ట్స్ కార్ల మీద మోజున్న కుర్రకారు గంటల తరబడి వాదించుకునే సంగతి కూడా ఈ రెండింటిదే: సూపర్‌ఛార్జర్ మేలా, టర్బో మేలా? సూపర్‌ఛార్జరైతే ఏ రకం? పశ్చిమ ప్రకాశం జనం ఆ వాదన చేయకుండానే రెండు రకాలతోనూ దశాబ్దాలుగా బతుకుతున్నారు. పొలంలో బోరు బండి, నల్లమల ఎక్కే రైలు, ఇప్పుడు రోడ్డు మీద తిరిగే చిన్న కార్లు, అన్నింటి వెనకా ఈ చరిత్రే ఉంది.

ఏ ఇంజిన్ అయినా బలం తెచ్చుకునేది ఇంధనంతో పాటు గాలి నుంచే. కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. సిలిండర్ తనంతట తాను పీల్చుకునే గాలికి ఒక హద్దుంది. ఇంజిన్ సైజు పెంచకుండా ఆ హద్దు దాటాలంటే గాలిని బయటి నుంచి బలవంతంగా లోపలికి నెట్టాలి. ఆ నెట్టే పనికి ఇంజిన్ తిప్పే బెల్టునో గేర్లనో వాడితే అది సూపర్‌ఛార్జర్. బయటికి పోయే పొగ వేగాన్ని వాడితే అది టర్బో.

ఈ వంశంలో అందరికంటే పెద్దది పుట్టింది కారు కోసం కాదు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, కానర్స్‌విల్‌లో ఉన్ని మిల్లు నడిపిన ఫిలాండర్, ఫ్రాన్సిస్ రూట్స్ అనే అన్నదమ్ములు నీటి చక్రాన్ని మెరుగుపరచబోయి గాలి బాగా తోసే యంత్రాన్ని కనిపెట్టారు. 1860లో దానికి పేటెంటు వచ్చింది. వేరుశనగ కాయ ఆకారంలో ఉన్న రెండు రోటర్లు ఒకదానికొకటి తగలకుండా తిరుగుతూ ఒక పక్క గాలిని రెండో పక్కకు తోస్తాయి. ఇనుము కరిగించే కొలుములకు, గనుల్లో గాలి ఆడటానికి దాన్ని వాడారు. ఇంజిన్‌కు గాలి దట్టించాలన్న ఆలోచనకు 1885లో గాట్లీబ్ డైమ్లర్ పేటెంటు తీసుకున్నాడు. 1921లో బెర్లిన్ మోటారు ప్రదర్శనలో మెర్సిడెస్ సూపర్‌ఛార్జర్ ఉన్న కార్లను జనం ముందు పెట్టింది. రెండేళ్ల తర్వాత మోంజాలో జరిగిన ఇటాలియన్ గ్రాండ్ ప్రీని సూపర్‌ఛార్జర్ ఉన్న ఫియట్ గెలిచింది.

సూపర్‌ఛార్జర్లలో ముఖ్యమైన రకాలు మూడు. రూట్స్ రకం గాలిని తనలో కుదించదు. ఉన్నదున్నట్టు తోస్తుంది, కుదింపంతా ఇంజిన్ వైపు గొట్టంలో జరుగుతుంది. యాక్సిలరేటర్ తొక్కిన క్షణమే బలం అందుతుంది. ఒత్తిడి పెంచేకొద్దీ మాత్రం గాలి విపరీతంగా వేడెక్కుతుంది. స్క్రూ రకానికి 1930ల్లో స్వీడన్ ఇంజినీరు ఆల్ఫ్ లిషోల్మ్ రూపమిచ్చాడు. మరలు తిరిగిన రెండు రోటర్ల మధ్య చిక్కిన గాలి ముందుకు జరిగేకొద్దీ ఇరుకై కుదించుకుపోతుంది. అదే ఒత్తిడికి రూట్స్ కంటే తక్కువ వేడి, తక్కువ శక్తి నష్టం. మూడోది సెంట్రిఫ్యూగల్. రెక్కల చక్రం గాలిని అంచులకు విసురుతుంది. దాని ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే సగం వేగంలో నాలుగో వంతు ఒత్తిడే. అడుగు వేగాల్లో మౌనంగా ఉండి, ఇంజిన్ పై వేగాలకు వెళ్లేకొద్దీ జోరందుకుంటుంది.

మూడింటికీ ఉన్న లోపం ఒకటే. తిప్పడానికి కావలసిన బలాన్ని ఇంజిన్ నుంచే లాక్కుంటాయి. పెద్ద డ్రాగ్ రేసు కార్లలో బ్లోయర్‌ను తిప్పడానికే వందల హార్స్‌పవర్ ఖర్చవుతుంది.

ఆ ఖర్చు ఎందుకు పెట్టాలని అడిగినవాడు స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ. ఇంధనంలోని శక్తిలో సుమారు మూడో వంతు పొగ గొట్టం గుండా గాల్లో కలిసిపోతుంది. ఆ పొగతో ఒక టర్బైన్‌ను తిప్పి, అదే ఇరుసు మీద రెండో చివర గాలి నెట్టే చక్రం పెట్టాలని 1905లో పేటెంటు రాయించాడు. ఆనాటి లోహాలు ఆ వేడికి ఆగలేదు. అది గట్టిగా నిలదొక్కుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1920ల మధ్యలో ప్రాయిసెన్, హాన్సెస్టాట్ డాంజిగ్ అనే రెండు జర్మన్ ఓడల్లో టర్బో బిగిస్తే, 1,750 హార్స్‌పవర్ ఇంజిన్లు 2,500 ఇచ్చాయి. ఓడ ఇంజిన్ గంటల తరబడి ఒకే వేగంతో నడుస్తుంది. టర్బోకు అంతకంటే అనువైన చోటు లేదు.

మధ్యలో ఆకాశం ఈ పోటీని మలుపు తిప్పింది. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచనై విమానం ఇంజిన్ నీరసిస్తుంది. 1918లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీరు శాన్‌ఫర్డ్ మాస్ ఒక లిబర్టీ ఇంజిన్‌ను లారీకెక్కించి కొలరాడోలోని పైక్స్ పీక్ శిఖరానికి, 14,109 అడుగుల ఎత్తుకు తీసుకెళ్లాడు. కింద సుమారు 350 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్ టర్బోతో ఆ ఎత్తులో 356 ఇచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ రోల్స్ రాయిస్ మెర్లిన్‌కు గేర్లతో తిరిగే సెంట్రిఫ్యూగల్ సూపర్‌ఛార్జర్‌ను ఎంచుకుంది. అమెరికా తన పీ-47 లాంటి విమానాలకు టర్బో పెట్టుకుంది. మార్కాపురానికి తూర్పున ఉన్న దొనకొండలో బ్రిటిష్‌వాళ్లు విమానాల దిగుడు మైదానం కట్టింది ఆ యుద్ధకాలంలోనే. అప్పటికి గాలి దట్టించని ఇంజిన్‌తో ఆకాశ యుద్ధం ఊహకు కూడా అందని సంగతి.

దొనకొండకు అంతకంటే పాత గుర్తింపు రైలు ఊరుగా. గుంతకల్లు నుంచి గుంటూరు వచ్చే మార్గం నంద్యాల, గాజులపల్లె దాటాక నల్లమల ఎక్కుతుంది. చలమ, బొగద, దిగువమెట్ట మీదుగా గిద్దలూరు చేరి, కంభం, తర్లుపాడు, మార్కాపురం రోడ్డు, గజ్జెలకొండ దాటి దొనకొండకు వస్తుంది. ఘాట్‌లో మీటరు గేజి పట్టాల పని 1880ల్లో సాగింది. లోయ మీద కట్టిన దొరబావి వంతెన, బొగద సొరంగం ఆనాటి కష్టానికి సాక్ష్యాలు. 1990ల్లో బ్రాడ్ గేజి వేసినప్పుడు దారి మారి పాత వంతెన వాడకం నుంచి తప్పుకుంది.

ఆ ఘాట్ మీద మొదట బండి లాగిన ఆవిరి ఇంజిన్‌లోనూ గాలి సూత్రం ఇదే. సిలిండర్లో పని ముగించుకున్న ఆవిరిని పొగ గొట్టం గుండా పైకి చిమ్మితే, ఆ ఊపు నిప్పుల పెట్టెలోకి కొత్త గాలిని లాగుతుంది. బరువు పెరిగితే ఆవిరి ఎక్కువ చిమ్ముతుంది, గాలీ ఎక్కువ వస్తుంది, నిప్పు రాజుకుంటుంది. వృథాగా పోయేదానితోనే ఊపిరి పోసుకోవడం టర్బోకు ముందే రైలుకు తెలుసు.

డీజిల్ యుగం వచ్చేసరికి రైల్వే అచ్చంగా ఈ ఎంపిక ముందే నిలబడింది. 1962లో రెండు అమెరికన్ కంపెనీల ఇంజిన్లు మన దేశంలో దిగాయి. ఆల్కో తెచ్చింది డబ్ల్యూడీఎం-2. జనరల్ మోటార్స్ తెచ్చింది డబ్ల్యూడీఎం-4, అవి 72. రెండూ 2,600 హార్స్‌పవర్‌వే, రెండింటికీ టర్బో ఉంది. లోపలి తీరు మాత్రం వేరు. ఆల్కోది నాలుగు స్ట్రోకుల ఇంజిన్, టర్బో పూర్తిగా పొగ మీదే ఆధారపడుతుంది. జనరల్ మోటార్స్‌ది రెండు స్ట్రోకుల ఇంజిన్. దానికి గాలి పీల్చే స్ట్రోకే లేదు కనుక, బయటి నుంచి గాలి నెట్టకపోతే స్టార్టు కూడా కాదు. అందుకే ఆ కంపెనీ చిన్న ఇంజిన్లకు రూట్స్ బ్లోయర్లు పెట్టేది. పెద్దవాటికి ఒక తెలివైన ఏర్పాటు చేసింది. బండి నెమ్మదిగా ఉన్నప్పుడు టర్బోను గేర్లు తిప్పుతాయి, అంటే అప్పుడది సూపర్‌ఛార్జర్. పొగ ఊపందుకున్నాక క్లచ్ వదిలేస్తుంది, అక్కడి నుంచి అది అసలైన టర్బో.

యంత్రం తీరు చూస్తే రెండోదే ముచ్చటైనది. మన దేశం మొదటిదాన్ని ఎంచుకుంది. తయారీ విద్యను మనకు అప్పగించడానికి ఆల్కో ఒప్పుకోవడమే అందుకు కారణం. 1964 నుంచి వారణాసి కర్మాగారంలో డబ్ల్యూడీఎం-2 ఇంజిన్లు రెండువేలకు పైగా తయారయ్యాయి. ఆల్కో మూతబడ్డాక కూడా దశాబ్దాల పాటు ఆ ఇంజిన్లు అక్కడ పుట్టాయి. మీటరు గేజికి ఆల్కో ఇచ్చిన ఇంజిన్ 1,400 హార్స్‌పవర్ వైడీఎం-4. దానికీ టర్బోయే.

ఆల్కో ఇంజిన్ కదిలేటప్పుడు నల్లటి పొగ ఆకాశానికి లేచేది. రైలు ప్రియులకు అదొక వేడుక. దాని వెనక ఉన్నది టర్బో ఆలస్యం. డ్రైవర్ నాచ్ (థ్రాటిల్ మెట్టు) పెంచగానే ఇంధనం ఎక్కువ పోతుంది, టర్బో వేగం అందుకోవడానికి మాత్రం కొన్ని సెకన్లు పడుతుంది. ఆ లోపు గాలి చాలక కాలని ఇంధనం మసిగా వస్తుంది. బరువైన సరుకు రైలుతో ఘాట్ మొదట్లో ఆగి మళ్లీ కదలాల్సిన డ్రైవర్‌కు ఆ కొన్ని సెకన్లు చాలా ముఖ్యం. 1999లో జనరల్ మోటార్స్ 4,000 హార్స్‌పవర్ డబ్ల్యూడీజీ-4తో మళ్లీ వచ్చింది. గేర్లతో మొదలై పొగతో సాగే ఆ టర్బో కూడా దానితోనే తిరిగొచ్చింది. అనంతపురం జిల్లా గుత్తి షెడ్డు ఆ ఇంజిన్లకు ఒక పెద్ద నెలవైంది. ముప్పై ఏడేళ్ల కింద వదులుకున్న ఏర్పాటును రైల్వే ఆ రకంగా తిరిగి తెచ్చుకుంది. ఇప్పుడీ గుంతకల్లు-గుంటూరు మార్గం మీద కరెంటు తీగలు పడ్డాయి.

చంద్రశేఖరపురానికి మాత్రం రైలు లేదు. ఈ ఊరికి గాలి దట్టించే యంత్రాన్ని తెచ్చింది కరువు. చుట్టుపక్కల ఉన్నది గట్టి రాతి నేల. మోట బావులు ఎండిపోతే అడుగున ఉన్న రాతిని పగలగొట్టడం మనిషి తరం కాదు. 1967లో బీహార్ కరువు సమయంలో యునిసెఫ్ విదేశాల నుంచి గాలి హ్యామర్ రిగ్గులను మన దేశానికి తెప్పించింది. రాతి ప్రాంతాల తాగునీటి చరిత్రలో అదొక మలుపు. ఊరూరా కనిపించే ఇండియా మార్క్-2 చేతి పంపు ఆ బోర్ల మీద నిలబెట్టడానికి వచ్చిందే.

పని జరిగే తీరు ఇది. గాలి రాడ్ల లోపల నుంచి దిగి అడుగున ఉన్న హ్యామర్ పిస్టన్‌ను కొట్టిస్తుంది. బిట్టు రాతిని పొడి చేస్తుంది. అదే గాలి రాడ్ల చుట్టూ ఉన్న సందు గుండా పొడిని పైకి ఊదేస్తుంది. ఆగకుండా, ఒకే ఒత్తిడితో, గంటల పాటు గాలి కావాలి. పిస్టన్ కంప్రెసర్లు ఆ భారానికి అరిగిపోతాయి. రూట్స్ బ్లోయర్ అంత ఒత్తిడి అసలు ఇవ్వలేదు. సెంట్రిఫ్యూగల్ వేగం తగ్గితే చతికిలపడుతుంది. లిషోల్మ్ స్క్రూ మాత్రం సరిగ్గా ఈ పనికే పుట్టినట్టు సరిపోయింది. ఇవాళ్టి బోరు బండి కంప్రెసర్ నిమిషానికి వెయ్యికి పైగా ఘనపుటడుగుల గాలిని, చదరపు అంగుళానికి 300 పౌండ్ల ఒత్తిడితో ఇస్తుంది. ఎందుకంత ఒత్తిడి? బోరులో నీళ్లు నిలిస్తే ప్రతి పది మీటర్లకు చదరపు సెంటీమీటరు మీద కిలో చొప్పున బరువు గాలిని కింద నొక్కిపెడుతుంది. నూరు మీటర్ల నీటిని ఎత్తి బయట పోయడానికే పది కిలోల ఒత్తిడి కావాలి.

ఈ బలానికి వెల కూడా ఉంది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడక ముందు కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు నెల్లూరు జిల్లావి. నీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంకర్లు పోయే జబ్బును మన దేశంలో వైద్యులు తొలిసారి నమోదు చేసింది 1937లో, ఈ పాత నెల్లూరు జిల్లా పల్లెల నుంచే. గాలి బలం పెరిగేకొద్దీ బోర్లు లోతుకు పోయాయి. లోతు పెరిగినా ఆ సమస్య తీరలేదు. భూగర్భ జలాన్ని, బోర్లను, రిగ్గులను అదుపులో పెట్టడానికి రాష్ట్రం 2002లో వాల్టా చట్టం చేయాల్సి వచ్చింది. నల్లమలను తొలిచిన వెలిగొండ ప్రాజెక్టు సొరంగాల గుండా కృష్ణా నీళ్లు ఎప్పుడొస్తాయా అని ఈ మెట్ట ఇంకా ఎదురుచూస్తూనే ఉంది.

ఇక కార్ల దగ్గరికి వస్తే, అక్కడా తీర్పు చెప్పింది వాడకమే. 1929లో రేసు డ్రైవర్ టిమ్ బర్కిన్ పట్టుబట్టి నాలుగున్నర లీటర్ల బెంట్లీకి ముందు భాగంలో రూట్స్ రకం బ్లోయర్ బిగించాడు. కంపెనీ స్థాపించిన డబ్ల్యూ.ఓ. బెంట్లీకి అది ఇష్టం లేదు. రేసు కారు 240 హార్స్‌పవర్ ఇచ్చింది, 1930లో పో పట్టణంలో జరిగిన ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీలో రెండో స్థానం తెచ్చింది. 24 గంటల లె మాన్స్‌లో మాత్రం బ్లోయర్ బెంట్లీలు చివరిదాకా నిలవలేదు. గెలిచింది బ్లోయర్ లేని బెంట్లీయే. ఊపుకి సూపర్‌ఛార్జర్ పనికొచ్చింది, ఓర్పుకి కాదు.

టర్బో కార్లలోకి వచ్చింది 1962లో. ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్‌లో ఇంజిన్ వేడికి పగిలిపోకుండా నీళ్లు, మెథనాల్ కలిపిన ద్రవం ప్రత్యేకంగా పోస్తుండాలి. యజమానులు పోయడం మానేశారు, కారు రెండేళ్లలో పోయింది. 1973లో బీఎండబ్ల్యూ 2002 టర్బో చమురు సంక్షోభంలో చిక్కుకుంది. మరుసటి ఏడాది పారిస్‌లో వెలువడిన 260 హార్స్‌పవర్ పోర్షే 911 టర్బో మాత్రం నిలిచింది. దాని టర్బో ఆలస్యం పేరుమోసింది. మలుపు మధ్యలో బలం ఒక్కసారిగా విరుచుకుపడేది. ఆ జబ్బుకు 1985లో లాన్సియా డెల్టా ఎస్4 ర్యాలీ కారు ఒక మందు చూపింది. అడుగు వేగాలకు సూపర్‌ఛార్జర్, పై వేగాలకు టర్బో, రెండూ ఒకే ఇంజిన్ మీద. రైలు ఇంజిన్ క్లచ్‌తో సాధించిన దాన్నే అది రెండు యంత్రాలతో సాధించింది. బరువూ ఖర్చూ ఎక్కువ కావడంతో ఆ దారి రోడ్డు కార్లలో పెద్దగా పారలేదు.

మన రోడ్ల మీద సూపర్‌ఛార్జర్ చాలాకాలం ఖరీదైన కార్లకే పరిమితం. మెర్సిడెస్ వెనక కంప్రెసర్ అన్న పేరు చూసినవాళ్లు, జాగ్వార్ ఎఫ్-టైప్ మోత విన్నవాళ్లు అది ఎరుగుదురు. సామాన్యుడికి అందింది టర్బోయే. ముందు డీజిల్ కార్లలో, ఆపై 2013లో పోలో జీటీ టీఎస్ఐ, 2017లో నెక్సాన్, బలేనో ఆర్‌ఎస్, 2019లో వెన్యూ రూపంలో పెట్రోలు కార్లలో వచ్చింది. పొగ నిబంధనలు బిగిసి 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 అమలయ్యేసరికి, చిన్న ఇంజిన్‌తో పెద్ద ఇంజిన్ బలం ఇచ్చే టర్బో తయారీదారులకు బాగా కలిసొచ్చింది.

మార్కాపురం, గిద్దలూరు ఎండల్లో బండి నడిపేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సుమారు 9 శాతం పలచన. దట్టించాక ఇంకా వేడెక్కుతుంది. కనుక ఏ రకం ఎంచుకున్నా ఇంటర్‌కూలర్ సరైనది లేకపోతే పెట్టిన డబ్బుకు ఫలితం సగమే. కాలు పెట్టగానే దూకాలనుకునేవాళ్లకు స్క్రూ రకం, ట్రాక్ మీద ఎప్పుడూ పై వేగాల్లో ఉంచేవాళ్లకు సెంట్రిఫ్యూగల్ నప్పుతాయి. రోజూ నడుపుకోవడానికి, పెట్రోలు ధర చూసుకునేవాళ్లకు, హైవే మీద దూరాలు వెళ్లేవాళ్లకు కంపెనీ బిగించిన టర్బోను మించింది లేదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. పాత కారు కొని, బయటి కిట్లతో టర్బో బిగించాలని ఉబలాటపడే యువకులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒకసారి చదవాలి. తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చడం కుదరదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చి చెప్పింది. బీమా కూడా చిక్కుల్లో పడుతుంది. ఉన్న టర్బోను బాగా చూసుకోండి. చెప్పిన గ్రేడు నూనెనే గడువులోగా మార్చండి. పలకల క్వారీల దుమ్ములో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ ముందుగానే తీసి చూడండి. ఘాట్ ఎక్కి వచ్చిన వెంటనే తాళం తిప్పేయకుండా ఒకటి రెండు నిమిషాలు ఇంజిన్‌ను ఊరికే తిరగనివ్వండి. ఎర్రగా కాగిన ఇరుసుకు నూనె అందేది ఆ రెండు నిమిషాలే.